సముద్రం దాటే పోలీసు కాగితం



కోనసీమలో గల్ఫ్ మాట వినిపించని ఊరు లేదు. సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు మొదలుకొని మామిడికుదురు, అంబాజీపేట, కొత్తపేట, రావులపాలెం దాకా ఏ ఊరికి వెళ్లినా, కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయ్‌లోనో మనిషి ఉన్న ఇల్లు కనబడుతుంది. ఆ ఇంటి డాబా, ఆడపిల్ల పెళ్లి, తమ్ముడి చదువు, నాన్న ఆపరేషన్ అన్నీ ఆ మనిషి పంపే డబ్బు మీదే నడుస్తాయి. అలాంటి ఇళ్లలో ఇప్పుడు వీసా మాట ఎంత వినబడుతుందో, పీసీసీ మాట కూడా అంతే వినబడుతోంది. పీసీసీ అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. ఫలానా మనిషి మీద మా దగ్గర ప్రతికూల సమాచారమేమీ లేదని మన దేశం రాసిచ్చే కాగితం అది.

ఒక దేశంలో మన మీద ఉన్న కేసుల సంగతి ఇంకో దేశంలో పని ఇచ్చేవాళ్లకు ఎంతవరకు తెలియాలి? ఎవరు చెప్పాలి? ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్టు తేల్చిన సంగతి దేశం దాటవచ్చు. తేలని కేసు దాటకూడదు. పనికి వెళ్లేవాళ్ల చరిత్ర అడిగినప్పుడు, పని ఇచ్చేవాళ్ల చరిత్ర కూడా చెప్పి తీరాలి.

ముందు ఆ కాగితం ఎలా పుడుతుందో చూద్దాం. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి, 500 రూపాయల రుసుము కట్టి, అపాయింట్‌మెంట్ రోజున సేవా కేంద్రానికి వెళ్లాలి. 2022లో వీటి కోసం రద్దీ బాగా పెరగడంతో, ఆ ఏడాది సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో కూడా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. అవసరమైతే దరఖాస్తు పోలీసు విచారణకు వెళుతుంది. స్టేషన్ రికార్డు చూస్తారు, ఊళ్లో వాకబు చేస్తారు, నివేదిక పంపుతారు. ఆ నివేదిక బాగుంటే సర్టిఫికెట్ చేతికొస్తుంది.

ఆ సర్టిఫికెట్‌ను ఒకసారి దగ్గరగా చదవండి. ఈ మనిషి ఏ నేరమూ చేయలేదని అందులో ఉండదు. ఫలానా పాస్‌పోర్టు నంబరు గల వ్యక్తికి ఫలానా దేశపు వీసా వంటి ప్రయాణ సౌకర్యాలు ఇవ్వకూడదు అనిపించే ప్రతికూల సమాచారమేదీ లేదు అనే అర్థంలో ఉంటుంది. ప్రతికూల సమాచారం అంటే ఏమిటో అందులో రాసి ఉండదు. కోర్టు వేసిన శిక్షా, స్టేషన్లో నమోదై మూలన పడిన ఎఫ్‌ఐఆరా అన్నది ఆ ఒక్క వాక్యంలో తేలదు. మన పిల్లల బతుకులు ఇరుక్కుంటున్నది సరిగ్గా అక్కడే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇక్కడ ఒక ప్రభుత్వం తన రికార్డును ఇంకో ప్రభుత్వానికి నేరుగా పంపడం లేదు. ఉద్యోగం కావలసిన మనిషే తన గురించిన సమాచారాన్ని తన ఖర్చుతో తీసుకుని, తన చేత్తో మోసుకెళ్లి ఇస్తున్నాడు. ఆ కాగితం ఎక్కడ ఆగినా, ఎంత ఆలస్యమైనా నష్టం అతనిదే. ఏజెంటుకు కట్టిన డబ్బు పోతుంది, వీసా గడువు దాటిపోతుంది.

పైగా ఏ దేశం ఎప్పుడు అడుగుతుందో కూడా నిలకడ ఉండదు. 2018 ఫిబ్రవరి 4 నుంచి ఉద్యోగ వీసాలకు సత్ప్రవర్తన సర్టిఫికెట్ తప్పనిసరి అని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. రెండు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధనను పక్కన పెట్టింది. సౌదీ అరేబియా 2022లో భారతీయుల నుంచి పీసీసీ అడిగింది. అదే ఏడాది నవంబరు 17న, ఇక అక్కర్లేదని ఢిల్లీలోని సౌదీ రాయబార కార్యాలయం ప్రకటించింది. ఈ మధ్యలో పరుగులు పెట్టినవాళ్లు, వడ్డీకి అప్పు తెచ్చి కూర్చున్నవాళ్లు ఎంతమందో ఆ కుటుంబాలకే తెలుసు.

యూరప్‌లో పద్ధతి వేరు. యూరోపియన్ యూనియన్ దేశాలు 2012 ఏప్రిల్ నుంచి ఎక్రిస్ అనే వ్యవస్థ ద్వారా నేర చరిత్రల వివరాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఒక దేశస్తుడికి ఇంకో దేశంలో శిక్ష పడితే ఆ సంగతి అతని సొంత దేశానికి చేరుతుంది. పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లో చేర్చుకునేటప్పుడు ఆ వివరాలు తెప్పించుకునే వీలుంది. ఆ వ్యవస్థలో చేతులు మారేది కోర్టు శిక్ష వేసిన తీర్పుల సమాచారం. అడిగేదీ ఇచ్చేదీ రెండు దేశాల అధికార సంస్థలే. బ్రిటన్‌లో 1974 నుంచే ఒక చట్టం ఉంది. చిన్న శిక్ష అనుభవించి, చట్టం చెప్పినంత కాలం మళ్లీ తప్పు చేయకుండా బతికిన మనిషి, మామూలు ఉద్యోగాలకు ఆ పాత శిక్ష సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలను, నిస్సహాయులను చూసుకునే ఉద్యోగాలకు మాత్రం మినహాయింపు ఉంది. మనిషి మారతాడన్న నమ్మకం, పిల్లల భద్రత మీద శ్రద్ధ రెండూ ఆ చట్టంలో ఉన్నాయి. పెద్దవాళ్ల విషయంలో అలాంటి చట్టం మనకు లేదు.

అలాగని మన చట్టం మరీ గుడ్డిదేమీ కాదు. 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టం 6వ సెక్షన్ చూడండి. నైతిక పతనంతో కూడిన నేరంలో, దరఖాస్తుకు ముందు అయిదేళ్ల లోపు, రెండేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరిస్తారు. క్రిమినల్ కోర్టులో కేసు విచారణలో ఉన్నా నిరాకరిస్తారు. అయితే 1993 ఆగస్టు 25న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కేసు ఉన్న కోర్టులోనే అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు గడువు చెబితే అంతకాలానికి, చెప్పకపోతే ఒక ఏడాదికి ఇస్తారు. ఎఫ్‌ఐఆర్ నమోదైనంత మాత్రాన, దర్యాప్తు నడుస్తున్నంత మాత్రాన అది కోర్టులో కేసు ఉన్నట్టు కాదని విదేశాంగ శాఖే 2019 అక్టోబరు 10న రాతపూర్వకంగా చెప్పింది. మన తెలుగువాడు వంగల కస్తూరి రంగాచార్యులు వేసిన కేసులో, అప్పీలు పెండింగులో ఉందన్న కారణంతో పాస్‌పోర్టు రెన్యువల్ ఆపకూడదని 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

పాస్‌పోర్టు విషయంలో చట్టం ఇంత వివరంగా ఉంది. ఎఫ్‌ఐఆర్ వేరు, ఛార్జిషీటు వేరు, శిక్ష వేరు అని మెట్టు మెట్టుకూ తేడా చూపించింది. పీసీసీ దగ్గరికొచ్చేసరికి ఈ తేడాలన్నీ ఒకే పోలీసు నివేదికలో కలిసిపోతున్నాయి. కేసు ఉంది, లేదు అన్న రెండే మాటలు మిగులుతున్నాయి. కువైట్‌లో కూర్చున్న యజమానికి గానీ, ముంబైలోని ఏజెంటుకు గానీ ఛార్జిషీటు పడిందా, కేసు కొట్టేశారా అని ఆరా తీసే ఓపిక ఉండదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇంకో మనిషిని పిలుచుకుంటారు.

కోనసీమలో ఈ మాట మాట్లాడుతూ 2022 మే 24ను తలచుకోకుండా ఉండలేం. ఆ ఏడాది ఏప్రిల్ 4న మన జిల్లా ఏర్పడింది. మే 18న జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. 24న అమలాపురంలో నిరసన అదుపు తప్పింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు తగలబడ్డాయి. పోలీసులు గాయపడ్డారు. ఆ తర్వాత వందల మంది మీద కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. వాళ్లలో చాలామంది కుర్రవాళ్లు. ఇల్లు తగలబడిన కుటుంబానికి న్యాయం జరగాలి. ఆ నిప్పు పెట్టిన చెయ్యి ఎవరిదో తేలాలి, శిక్ష పడాలి. అందులో రెండో మాట లేదు. అయితే నిప్పు పెట్టిన చెయ్యి, వీధి చివర నిలబడి చూసిన కన్ను ఒకటి కావు. ఆ తేడా తేల్చాల్సింది కోర్టు. కోర్టు తేల్చేలోపు వాళ్లందరినీ వీసా కౌంటర్ దగ్గర ఒకే గాటన కట్టేస్తే అది న్యాయం కాదు.

2023 మార్చిలో ఆ కేసులను ఉపసంహరించుకోవాలని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అప్పుడు చాలా ఇళ్లలో ఊపిరి పీల్చుకున్నారు. ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ప్రభుత్వం ప్రకటించగానే కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వెయ్యాలి, జడ్జి గారు ఒప్పుకోవాలి, ఆర్డరు రావాలి. ఆ ఆర్డరు కాపీ స్టేషన్ రికార్డులోకి ఎక్కాలి. ఏ గొడవలో, ఏ పార్టీ ధర్నాలో పడిన కేసైనా ఇదే వరస. పేపర్లో వార్త చూసి కేసు పోయిందనుకున్న కుర్రవాడు, పీసీసీకి వెళ్లినప్పుడు అది అలాగే ఉందని తెలుసుకుంటే అప్పటికే చేతులు కాలి ఉంటాయి.

మన ప్రాంతంలో మామూలుగా జరిగే సంగతి ఇంకొకటి చెబుతాను. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర, పేకాట శిబిరాల దగ్గర పోలీసులు పట్టుకుంటారు. కోర్టుకు తీసుకెళతారు. ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చని పక్కనున్నవాళ్లు చెబుతారు. కుర్రవాడు ఒప్పుకుంటాడు, ఫైన్ కడతాడు, వచ్చేస్తాడు. వాయిదాల బాధ తప్పిందని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడిన కేసు అని ఆ రోజు అతనికి ఎవరూ చెప్పరు. మూడేళ్ల తర్వాత ఖతార్‌లో డ్రైవరు పని కుదిరి, దరఖాస్తు ఫారంలో నేర చరిత్ర ఉందా అన్న గడి ఎదురైనప్పుడు ఆ సాయంత్రం గుర్తొస్తుంది. లేదు అని రాస్తే అబద్ధం, ఉంది అని రాస్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం. పాస్‌పోర్టు దరఖాస్తులో నిజం దాచడం దానికదే ఇంకో నేరమని చట్టంలో ఉంది. అంచేత కోర్టు మెట్లెక్కే ముందే, ఎంత చిన్న కేసైనా, ఒక వకీలును అడగండి. ఒప్పుకోవడం తేలికైన పనే. దాని బరువు తర్వాత తెలుస్తుంది.

ఇక పేర్ల సంగతి. మన జిల్లాలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఒక్క మండలంలోనే పదిమంది ఉంటారు. తాతగారి పేరు మనవళ్లందరికీ పెట్టుకోవడం మన ఆచారం. ఇప్పుడు పెద్ద కంపెనీలు, ఆస్పత్రులు, హోటళ్లు ఉద్యోగం ఇచ్చే ముందు వివరాలు వాకబు చేసే ప్రైవేటు సంస్థలకు పని అప్పగిస్తున్నాయి. వాళ్లు చూసేది చాలావరకు అందరికీ కనబడే రికార్డులే. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే కేసులు కనబడతాయి. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడికి తన మీద ఏం రాశారో వెంటనే తెలియాలన్నది ఆ తీర్పు ఉద్దేశం. అతని మేలు కోసం పెట్టిన ఆ ఏర్పాటే ఇవాళ అతని ఉద్యోగానికి అడ్డం పడుతోంది. అక్కడ ఫొటో ఉండదు, వేలిముద్ర ఉండదు. అదే పేరున్న ఇంకో మనిషి కేసు ఇతని ఖాతాలో పడితే, అది తను కాదని నిరూపించుకునే అవకాశం కూడా ఇవ్వరు. ఉద్యోగం ఎందుకు రాలేదో కూడా చెప్పరు. మన సమాచారంలో తప్పుంటే సరిచేయించుకునే హక్కును 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తించింది. ఉద్యోగాల వాకబులో ఆ హక్కు నిజంగా అక్కరకు రావాలి.

చిన్నతనపు తప్పులకు మాత్రం మన చట్టం మంచి రక్షణ ఇచ్చింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండక ముందు చేసిన తప్పుకు సంబంధించిన కేసు ముగిసిపోతే, ఆ సంగతి క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు బయటపెట్టకూడదు. ఇంటర్ చదువుతున్నప్పుడు ఏదో గొడవలో ఇరుక్కున్న పిల్లాడి తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంతవరకూ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే కాగితం గురించి చెప్పాను. అక్కడ తయారయ్యే రికార్డు గురించి కూడా చెప్పుకోవాలి. నా మనసును ఎక్కువ బాధపెట్టేది అదే.

మన కోనసీమ ఆడవాళ్లు ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనివాళ్ల వీసా మీద, కువైట్ ఇళ్లలో పనికి వెళతారు. ఇంట్లో పని చేసి, పిల్లల్ని చూసి, వంట చేసి అర్ధరాత్రి పడుకుంటారు. మంచి ఇల్లు దొరికినవాళ్లు పదేళ్లు, పదిహేనేళ్లు అదే ఇంట్లో ఉండి గౌరవంగా తిరిగొచ్చారు. దొరకనివాళ్లు జీతం రాక, దెబ్బలు పడలేక, ఒక రోజు తలుపు తీసి బయటపడతారు. వెంటనే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పరారీ కేసు పెడతాడు. అక్కడితో అఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, పోతుంది. మనవాళ్ల మాటలో చెప్పాలంటే ఆమె కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతుంది. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు. మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టే వీలుండదు. దెబ్బలు తిన్న మనిషి పేరు రికార్డులో నిందితురాలిగా మిగిలిపోతుంది. 2018లో, 2020లో, 2024లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటించినప్పుడు మనవాళ్లు అంతగా ఆశపడింది అందుకే. 2024 ఆమ్నెస్టీలో జరిమానా లేకుండా వెళ్లిపోయి, మళ్లీ సక్రమంగా తిరిగి వచ్చే వీలు కూడా కల్పించారు.

ఆ రికార్డు అక్కడితో ఆగదు. బ్రిటన్‌లో ఆరోగ్య, సంరక్షణ రంగాల్లో ఉద్యోగ వీసాకు వెళ్లేవాళ్లు, గత పదేళ్లలో ఏడాది గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ తేవాలి. కువైట్‌లో కొన్నాళ్లు పనిచేసి, ఇప్పుడు బ్రిటన్ వెళ్లాలనుకునే మన నర్సు అమ్మాయి కువైట్ కాగితం కూడా తెచ్చుకోవాలి. పాత యజమాని కోపంతో పెట్టిన ఒక ఫిర్యాదు మూడో దేశంలో ఆమె దారికి అడ్డం పడగలదు.

ఇప్పుడు ఎదురు ప్రశ్న వేస్తాను. మలికిపురం నుంచి బయలుదేరే ఆడమనిషి తన పోలీసు రికార్డు చేతపట్టుకుని వెళుతుంది. ఆమె అడుగు పెట్టబోయే ఇంటి రికార్డు ఆమెకు ఎవరిస్తారు? అంతకుముందు ఆ ఇంట్లో పనిచేసిన మనిషి ఎందుకు వెళ్లిపోయిందో ఎవరు చెబుతారు? 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం, ఆమె యజమానుల ఫ్లాట్‌లోని ఫ్రీజర్‌లో దొరికింది. ఫిలిప్పీన్స్ అంతా అట్టుడికిపోయింది. ఆ దేశ ప్రభుత్వం కువైట్‌కు మనుషుల్ని పంపడమే ఆపేసింది. తమ కార్మికుల రక్షణ కోసం కువైట్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నాకే దారి తెరిచింది. మన దేశం కూడా ఇంటి పనివాళ్ల విషయంలో 2021 జూన్‌లో కువైట్‌తో అవగాహన ఒప్పందం చేసుకుంది. ఇ-మైగ్రేట్ వ్యవస్థలో విదేశీ యజమానులు నమోదు కావాలన్న నియమం ఉంది. ఈ పునాది మీద ఇంకో అడుగు వెయ్యాలి. పనివాళ్లను కొట్టినట్టు, జీతం ఎగ్గొట్టినట్టు రుజువైన యజమానుల వివరం, వీసా మీద సంతకం పెట్టే ముందే మన మనిషికి తెలియాలి.

చిన్నపిల్లల్ని, మంచంలో ఉన్న ముసలివాళ్లను ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసుకునే హక్కు ఆ దేశపు కుటుంబానికి ఉంది. నేను కాదనను. పిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడినవాడు దేశం మారి మళ్లీ బడిలోనో ఆస్పత్రిలోనో చేరకూడదు. అందుకే రికార్డులు దేశాలు దాటడం తప్పని నేను చెప్పడం లేదు. పద్ధతిగా దాటాలంటున్నాను. శిక్ష పడిన కేసు మాత్రమే, ఆ పనికి సంబంధించినంత వరకే, ఆ మనిషికి చూపించి, తప్పుంటే సరిదిద్దే అవకాశం ఇచ్చాకే దాటాలి. ఇంకో దేశం నుంచి వచ్చే రికార్డునూ ఇదే తూకంతో చూడాలి. ఈ మాటను మన ప్రభుత్వాలు గల్ఫ్ దేశాలతో కూర్చున్న ప్రతిసారీ బల్ల మీద పెట్టాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

వీసా వచ్చాక పీసీసీకి పరిగెత్తకండి. వెళ్లాలన్న ఆలోచన పుట్టిన రోజే, మీ మీద కేసేమైనా ఉందేమో చూసుకోండి. ఈ-కోర్ట్స్‌లో మీ పేరు మీరే కొట్టి చూడండి. కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని స్టేషన్లో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇంకో కాపీ ఇంట్లో పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. రాజీకి వీలున్న కేసైతే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోండి. చట్ట ప్రకారం రాజీ కుదిరిన కేసు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఫైన్ కట్టడానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. కోర్టులో కేసు నడుస్తుంటే, అదే కోర్టులో విదేశ ప్రయాణానికి అనుమతి పిటిషన్ వేసుకోండి. వకీలు ఫీజు ఇచ్చుకోలేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఆ సహాయానికి ఫోన్ నంబరు 15100.

గల్ఫ్‌లో ఉన్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఇల్లు వదిలి బయటపడక తప్పని పరిస్థితి వస్తే, తెలిసినవాళ్ల గదిలో తలదాచుకోకుండా నేరుగా మన రాయబార కార్యాలయానికి వెళ్లండి. ఎందుకు బయటికి వచ్చారో అక్కడ రాసి ఇవ్వండి. పరారీ అని యజమాని రాసిన మాటకు ఎదురుగా, దెబ్బలు పడలేక వచ్చానని మీరు రాసిన మాట రికార్డులో ఉండాలి.

పోలీసు అధికారులకు, న్యాయవాద మిత్రులకు కూడా ఒక విన్నపం. కేసు కొట్టేసిన సంగతి రికార్డులోకి ఎక్కించడం మీకు పది నిమిషాల పని. అవతల ఒక కుటుంబం వడ్డీ కడుతూ ఆ పది నిమిషాల కోసమే ఎదురుచూస్తోంది. జరిమానా కట్టేయమని కుర్రవాడికి సలహా ఇచ్చే ముందు, అది శిక్ష కిందికి వస్తుందని కూడా చెప్పండి. కోర్టు తేల్చని నేరాన్ని మన నిర్లక్ష్యంతో ఏ పిల్లవాడి పేరు మీదా సముద్రం దాటించవద్దు.